పడవకు పెట్టిన లిఫ్టు

ఆదివారం పొద్దున చెంచురామయ్య వేసుకున్న ప్లాను చాలా చిన్నది. జూలూరుపాడు పక్కనున్న తమ ఊరి చెరువులో కొత్త తెరచాప పడవను దింపాలి, ఊరంతా చూస్తుండగా ఒక చుట్టు తిరగాలి, సాయంత్రం గాలి లేచేలోపు దాన్ని లిఫ్టుకు తగిలించి నీళ్లకు పైన వేలాడదీయాలి. నీళ్లలోనే వదిలేస్తే అలలకు గట్టు రాళ్లను కొట్టుకుని అడుగు పగులుతుందని, పడవ పంపిన కాకినాడ బావమరిది మరీ మరీ చెప్పాడు.

తమ వంశం తెరచాప ఎత్తి గోదావరి దాటి వచ్చిందని చెంచురామయ్య చెప్పుకుంటాడు. వాళ్ల తాత వచ్చింది బస్సులో. అదీ సీటు దొరక్క నిలబడి. చెంచురామయ్య భార్య సుబ్బరత్నం మాత్రం ఒకటే మాట చెప్పింది. పడవ పగిలిన రోజే అది బర్రెలకు కుడితి తొట్టి అవుతుందని.

చెంచురామయ్య టీ హోటల్లో కూర్చుని, గేట్లూ ట్రాక్టరు ట్రాలీలూ చేసే వెల్డింగు చాంద్ పాషాకు ఫోన్ చేశాడు. "పాషా భాయ్, చెరువుకాడ లిఫ్టు ఇయ్యాల్నే నిలబెట్టాలె. జల్దీ రా."

పక్క బల్ల మీద బొజ్జయ్య ఉన్నాడు. ఆయన పత్తి చేను చెరువుకు పైన మెరక మీద ఉంది, ఎండిపోతోంది. మెరక రైతుకు లిఫ్టంటే ఒకటే, చెరువు నీళ్లను మోటారుతో పైకెక్కించే ఎత్తిపోతల. అది ప్రతి ఎన్నికకూ ఊళ్లోకి వస్తుంది, ఓట్లు అయిపోగానే వెళ్లిపోతుంది. బొజ్జయ్య సగం టీ వదిలేసి లేచాడు. ఆ హోటల్ చరిత్రలో అలాంటిది జరగలేదు.

పాషా నాలుగు ఇనుప స్తంభాలు పాతి, పైన దూలం వేసి, చైను పుల్లీకి రెండు వెడల్పాటి బెల్టులు వేలాడదీసేసరికి ఎత్తిపోతల వస్తోందన్న బొజ్జయ్య మాట విని ఊరు ఊరంతా పారలతో దిగింది. మోటారుకు నీళ్లందాలని బొజ్జయ్య జేసీబీ తెచ్చి, స్తంభాల పక్కనుంచి గట్టులోకి లోతుగా కాలువ తవ్వించాడు. అదంతా తన పడవ మీద అభిమానమేనని చెంచురామయ్య కళ్లు తుడుచుకున్నాడు.

"ఎంత ఎత్తుతది పటేలా?" అని బొజ్జయ్య అడిగాడు.

"టన్ను ఎత్తుతది."

"మాకు గూడ వంతు ఉంటదా?"

"అందరికీ ఉంటది. వరుసల రావాలె."

సర్పంచ్ నాగలత కొబ్బరికాయ కొట్టి ఆయనకు దండ వేసింది. అప్పుడు చెంచురామయ్య ఛాతీ ముందుగా నడుస్తుంటే, మిగతా మనిషి వెనక వచ్చాడు. గట్టు మీద పడవకు కప్పిన టార్పాలిన్ లాగాడు. చప్పట్లు కొట్టబోయిన చేతులు గాలిలోనే ఆగాయి.

"ఇదేంది పటేలా, మోటారేది?"

"దీనికి మోటారెందుకు? గాలితోటే నడుస్తది."

గాలితో నీళ్లెక్కించే స్కీము ఎక్కడైనా ఉందా అని జనం గుసగుసలాడుకున్నారు. పడవ నీళ్లలోకి దిగి తెరచాప లేచాక, అది పడవకు పెట్టిన లిఫ్టని అందరికీ అర్థమైంది. బొజ్జయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

కష్టం అక్కడితో ఆగలేదు. తెరచాప కొయ్య తాడిచెట్టంత ఉంది, దూలం బస్సెత్తు మాత్రమే. పాషా కొలతలు తీసిన రోజు కొయ్య గడ్డివాములో పడుకుని ఉంది. పడవ దూలం కిందికి దూరదు. కొయ్య దించితే అయిదు నిమిషాల పని అన్నాడు పాషా.

"కొయ్య దించితే పడవెట్లయితది పాషా? కుడితి తొట్టయితది," అన్నాడు చెంచురామయ్య. గట్టు మీద నిలబడ్డ సుబ్బరత్నం ఆ మాటను జాగ్రత్తగా దాచుకుంది.

ఈ వాదం నడుస్తుండగానే అడవి వైపు నుంచి గాలి లేచింది. చుక్క వాన లేదు, ఉత్త గాలే. పడవ రాళ్ల వైపు తిరిగింది. చెంచురామయ్య మెడలో దండతోనే నీళ్లలోకి దూకి తాడు పట్టుకున్నాడు. పడవ ఆయన్ను లాక్కుపోయింది.

అలిగి వెళ్లిపోతున్న బొజ్జయ్య వెనక్కి చూశాడు. "తాడు వదలకు పటేలా. కాల్వలకు తిప్పు, కాల్వలకు," అంటూ తనూ దూకాడు. వెనకే ఊరు దూకింది. అందరూ కలిసి నెడితే, కొలత తీసి తవ్వినట్టు పడవ కాలువలో కూర్చుంది, కొయ్యతో సహా. పాషా బెల్టులు విప్పి తెచ్చి రెండు వైపులా గుంజలు పాతి పడవను వాటికి బిగించాడు. గాలి రాత్రంతా పడవ కోసం వెతికింది.

తెల్లారి చూస్తే పడవకు గీత పడలేదు. ఖాళీగా ఉన్న లిఫ్టు చైనుకు బొజ్జయ్య తన మోటారు తగిలించాడు. చెరువు పెరిగితే పైకి లాగొచ్చు, తగ్గితే కిందికి దించొచ్చు. మధ్యాహ్నానికి మెరక మీది పత్తికి నీళ్లెక్కాయి. సుబ్బరత్నం గొడుగు వేసుకుని పడవలో మొదటి వంతు తీసుకుంది.

పడవకు కాలువ, నీళ్లకు లిఫ్టు, రెండూ తన డిజైనేనని చెంచురామయ్య ఇప్పుడు మీసం దువ్వుకుంటూ చెబుతున్నాడు. తమకూ అలాంటి ఎత్తిపోతల కావాలని పక్క ఊరి రైతులు వస్తే, ముందు పోయి ఒక పడవ కొనుక్కోమంటున్నాడు.