ఎనిమిది గంటల అంగీకారం

పెళ్ళి ఐదు రోజులుందనగా, సోమవారం పొద్దున టీ తాగుతూ నాథన్ ఒక్క పనే పెట్టుకున్నాడు: శనివారం తెల్లవారుజామున మోటారు నీళ్ళ వంతు చెల్లెలు టీనాకు ఇప్పించడం. యాంగోన్‌లో అహ్లోన్ పేటలోని ఆ ఐదంతస్తుల ఇంటికి మోటారు ఒక్కటే. వంతు తప్పితే పెళ్ళికూతురు తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకుని చర్చికి వెళ్ళాలి.

మామూలు మనిషైతే నాలుగు తలుపులు తట్టేవాడు. నాథన్ బ్లాక్‌చైన్ కంపెనీలో, అంటే ఒకే లెక్కను అందరి దగ్గరా రాసి ఉంచే చోట, పనిచేసినవాడు. సైన్యం గద్దెనెక్కి ఇంటర్నెట్ కోసేశాక ఉద్యోగం పోయింది, విద్య మాత్రం బుర్రలో ఉండిపోయింది. అంతస్తుకొక నోటుపుస్తకం పంచాడు. పెద్ద ఎవరూ లేరు, ఐదింటిలోనూ ఒకటే రాత. కొత్త తీర్మానానికి ముందు పాతదాన్ని మళ్ళీ ఎక్కించాలి కనుక ఎవరూ వెనక్కెళ్ళి దిద్దలేరు. మూడిళ్ళు ఒప్పుకుంటే చెల్లుతుంది. పుస్తకాల్లో తేడా వస్తే తీర్మానాలు ఎక్కువున్న పొడుగుదే నిజం. నోటిమాట చెల్లదు.

చీటీలు బాల్కనీ తాళ్ళకు కట్టి పంపాలి. ఒప్పుకున్నవాళ్ళు రాత్రి ఎనిమిదింటికి పళ్ళెం మోగించాలి. సైన్యం మీద కోపంతో ఆ వేళకు ఊరంతా ఎలాగూ పళ్ళేలు మోగిస్తూ బాల్కనీలోనే ఉంటున్నారు కదా, మళ్ళీ వేరే వేళ ఎందుకన్నది అతని తెలివి.

ఆ రాత్రి నాథన్ చీటీ పంపాడు: శనివారం వంతు టీనాకు. అదే సమయానికి నాలుగో అంతస్తు అచ్చెన్న ఇంకోటి పంపాడు: శనివారం వంతు నాకు. ఆయన ఇన్సేన్ రైలు వర్క్‌షాపులో రిటైరైన మొండిమనిషి. ఎనిమిదైంది. ఊరంతా మోగింది. రెండూ నెగ్గాయి.

కింది రెండు ఇళ్ళు నాథన్‌ది రాసుకున్నాయి, పై మూడూ అచ్చెన్నది. మర్నాడు నాథన్ రద్దు చీటీ పంపాడు, నెగ్గింది. ఆ రద్దును అచ్చెన్న రద్దు చేశాడు, అదీ నెగ్గింది. ఇక పుస్తకం పొడుగు చెయ్యాలని పంతాలు పెరిగాయి. గురువారానికల్లా మూడో అంతస్తు పిల్లి నిర్దోషి అనీ, మెట్లమీద కిళ్ళీ ఉమ్మినవాడు దొర అనీ తీర్మానాలయ్యాయి. ప్రతిదానికీ నగరమంతా చప్పట్లకు బదులు పళ్ళేలు.

శుక్రవారం లెక్క చూస్తే పైవాళ్ళ పుస్తకం తొమ్మిది తీర్మానాలు పొడుగు.

"రేపు నీ పుస్తకంతో తానమాడమంటావేటి అన్నియ్యా?" అంది టీనా. నాథన్‌కు ఏడుపొక్కటే తక్కువ. రూలు తనదే మరి.

తెల్లవారుజామున మోటారు అచ్చెన్న తొట్టిలోకి నీళ్ళు పోసింది. కాసేపటికి చీటీల తాడు పక్కనుంచి ఒక రబ్బరు గొట్టం నాథన్ బాల్కనీలోకి దిగింది. వెనకే పైన అచ్చెన్న తలకాయ కనిపించింది.

"పట్టుకోరా. మీ తొట్టి బుల్లిది. అందుకే పిల్ల పెళ్ళికని నా పేర రాయించినాను."

"ముందే చెప్పొచ్చు కదా మావా!"

"నోటిమాట సెల్లదన్నావు గదరా."

టీనా తానమాడింది, పెళ్ళీ అయింది. నోటుపుస్తకాలు ఇక మానేద్దామన్న చీటీ ఆ రాత్రి ఎనిమిదింటికి యాంగోన్ నగరమంతటి ఏకగ్రీవ ఆమోదంతో నెగ్గింది.