అత్తగారి ఇంటి కొలతలు

గురువారం ఉదయం టోస్టు మీద వెజిమైట్ రాసుకుంటూనే టామ్సిన్ పథకం వేసేసింది. శనివారం మేరీబరో లైబ్రరీలో పిల్లల చేత ఊళ్ళోని పాత చెక్క ఇంటి నమూనా కాగితంతో కట్టించాలి. ఆ ఇల్లు అత్తగారు డోరీన్‌దే కావాలి. కొడుకు క్యాల్‌తో పెళ్ళయి నాలుగు నెలలైనా ఆవిడ టామ్సిన్‌ని "మా క్యాల్ స్నేహితురాలు" అనే పరిచయం చేస్తోంది. పిల్లల చేతుల్లో తన ఇల్లు చూశాకైనా మనసు కరగదా?

డోరీన్ బౌల్స్ ఆటకి వెళ్ళగానే కోడలు టేపు పట్టుకొని ఇంటి చుట్టూ తిరిగింది. వరండా పొడవు, కిటికీల వెడల్పు, ఇంటిని మోసే గుంజల ఎత్తు అన్నీ రాసుకుంది. ఆ ఊళ్ళో ఇల్లు అమ్మితే చాలాసార్లు స్థలం వదిలేసి ఇంటినే రెండుగా కోసి లారీల మీద తీసుకుపోతారు. గుంజలు కొలిచే మనిషిని చూస్తే ఎవరికైనా ముందు తట్టేది అదే. ఉత్సాహంలో ఉన్న టామ్సిన్‌కి తట్టలేదు. పక్కింటి నెవిల్‌కి తట్టింది.

"ఏంటమ్మాయ్, గుంజలు కూడా కొలుస్తున్నావ్?" కంచె మీంచి అడిగాడు.

"అత్తయ్యకి చెప్పకండి బాబాయ్. శనివారం దాకా రహస్యం."

నెవిల్ ఆమె చేతిలోని బొమ్మ చూశాడు. ఒక కాగితంలో ఇమడక ఇంటికి నడిమిన నిలువు గీత పెట్టింది, పక్కనే కత్తెర గుర్తు.

"నడిమికి కోసేస్తారా?"

"తప్పదుగా. ఒక్క ముక్కలో పట్టదు."

మధ్యాహ్నానికి బేకరీ ఆవిడ ఫోన్ చేసింది. "ఆ రంగుటద్దాల కిటికీ నాకు ఉంచు తల్లీ."

మనవరాలికి కాబోలనుకుంది టామ్సిన్. "మీకే ముందు కత్తిరిస్తా."

చేపల దుకాణం ఆయన మెట్లు అడిగాడు. ఆయనకీ మాటిచ్చింది.

శుక్రవారం సాయంత్రం క్యాల్ పాలిపోయిన మొహంతో ఇంటికొచ్చాడు. "ఇళ్ళు మోసే కంపెనీ వాళ్ళు ఫోన్ చేశారు. రెండు లారీలు చాలా, మూడు కావాలా అంటున్నారు. మా అమ్మ ఇల్లు అమ్మేస్తున్నావా?"

అప్పుడు వెలిగింది టామ్సిన్‌కి. పరుగెత్తి వెళ్తే అత్తగారింటికి తాళం. ఫోన్ ఎత్తలేదు.

శనివారం పిల్లలు ఇంటి కప్పులు అంటిస్తుండగా డోరీన్ సూట్‌కేసుతో లోపలికొచ్చింది. "నా ఇంటి సంగతి ఊరంతటికీ తెలుసు, నాకు తప్ప."

"అత్తయ్యా, ఇదిగో, ఇది కాగితం ఇల్లు. మీ ఇంటిని ఎవరూ కదిలించరు. ఒట్టు."

డోరీన్ ఆ ఇళ్ళన్నీ చూసి, పిల్లల కుర్చీలో కూలబడింది. "కదిలించరా?"

"ఒక్క మేకు కూడా."

"నేను సామాను సర్దేశానే. ఆ మెట్లెక్కి ముప్పై ఏళ్ళుగా మోకాళ్ళు అరగదీసుకున్నా. అమ్ముతానంటే క్యాల్ బాధపడతాడని నోరు మూసుకున్నా. హార్వీ బేలో మెట్లు లేని ఇంట్లో మా చెల్లి టీ పెట్టుకుని కూర్చుంది."

డోరీన్ తాళాల గుత్తి టామ్సిన్ చేతిలో పెట్టింది.

"అమ్మడం దేనికి, మీరిద్దరే ఉండండి." తర్వాత లైబ్రరీ ఆవిడ వైపు తిరిగింది. "ఇది మా కోడలు. నా ఇల్లు నాకంటే దీనికే బాగా తెలుసు."

టామ్సిన్ కళ్ళు చెమర్చాయి. డోరీన్ గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "అన్నట్టు, చెదల మందు కొట్టేవాడు మంగళవారం వస్తాడు. వంటింటి కింద మొదలుపెట్టమను, అక్కడ చెక్క నేల ఇంకా కొంచెం మిగిలింది."

పిల్లలు కట్టిన పద్నాలుగు ఇళ్ళలో ఒక్కదానికీ చెదలు లేవు.