దారం లేని మిషను దిగ్విజయం

లోకబాంధవుడైన సూర్యుడు నడినెత్తి నుండి పడమటికి ఒక్క అడుగు వేసి, ఎదురింటి నీళ్ళ ట్యాంకు నీడను ఈ ఇంటి కిటికీపైకి ప్రయోగించిన శుభముహూర్తమున, తోమి బోర్లించిన అంట్లు ఇంకను నీరోడుచున్న వేళ, లిఫ్టు కదలని భవనపు మూడవ అంతస్తున, వెనుకగది అను రణరంగమున జరిగిన మహాయుద్ధమును చెప్పెదను, వినుడు. ఏనుగులు లేవు, గుర్రములు లేవు. ఒక కప్పు టీ కలదు.

ఆ టీని కూర్చుండి, ఒంటరిగా, వేడి తగ్గకముందే అడుగంట త్రాగవలెనని ఆ ఇంటి ఇల్లాలి సంకల్పము. ఆమె దర్జీ. సూచీహస్త, కత్తెరధారిణి, ఊడిన గుండీల పాలిటి సంజీవని. లోకమునకెల్ల కొలతలు తీసిన ఆ వీరవనితకు కాపురమునకు వచ్చిన నాటి నుండి దక్కిన టీలన్నియు చల్లారినవే, మీగడ కట్టినవే. పొరుగు రాజ్యములు కోరలేదు పాపము, కిటికీ ప్రక్క కాసింత సేపు కోరినది.

హాలులో సోఫా సింహాసనాసీనుడై గృహాధినాథుడు ఫోనులో ఉపన్యాసము వినుచుండెను. "మీకోసం మీరు కొంత సమయం కేటాయించుకోండి, అంతరంగ తృప్తి అక్కడే ఉంది" అని ఆ గొంతు గోడలదరునట్లు ఘోషించుచుండగా ఆయన కనులు చెమర్చెను.

"ఏమే, విన్నావా? ఎంత బాగా చెప్తున్నాడో. ఒకసారి ఇలా వచ్చి నా కళ్ళజోడు ఎక్కడుందో చూడు."

కళ్ళజోడు ఆయన నెత్తిపైననే యుండెను. ఆమె వచ్చి, చూపి, తిరిగి వెళ్ళునంతలో కుమార్తె ఎదురు నిలిచెను.

"అమ్మా, ఖాళీగానే ఉన్నావుగా. నా నీలం ప్యాంటు ఎక్కడ పెట్టావు?"

"నీ మంచం మీదే ఉందే, ఇంతసేపూ దాని మీదే కూర్చున్నావు."

ఈ విధముగా ప్రథమ యుద్ధమున టీ చల్లారి నేలకూలెను. ఆమె దానిని పారబోసి, రెండవ కప్పు మరిగించి, మిషను ముందరి పీటపై కూర్చుండి ఇట్లు గర్జించెను, మనసులోనే లెండి:

"ఓ తేనీటి పాత్రమా! పొయ్యిపై నీవెంత మరిగితివో నేనును అంత మరిగితిని. నేడు నీ అడుగు చూడక ఈ పీట విడువను."

అంతట ఆమెకు ఆ ఇంటి శాసనము స్ఫురించెను. మిషను మోగుచుండగా ఆమెను ఎవ్వరును పిలువరాదు. పూర్వమొకనాడు పిలిచిన పిలుపునకు ఉలిక్కిపడి ఒక గౌనుకు చేతులు రెండును ఒకే వైపున కుట్టగా, ఆ గౌను తొడుగవలసిన పిల్ల తల్లి గుమ్మమున నిలిచి వీధి వీధంతయు వినునట్లు అరచిన నాటి నుండి అదియే రాజ్యాంగము. మనిషి కూర్చున్నచో ఖాళీ. మిషను మోగినచో పని. ఆ ఇంట లెక్క అంతవరకే తెలియును.

ఆమె దారము తీసివేసెను. గుడ్డ పెట్టలేదు. కప్పు చేతబట్టి, కిటికీ బయట తీగపై ఊగుచున్న పిచ్చుకను చూచుచు, పెడలు తొక్కెను. టకటకటక! రణభేరి మ్రోగెను. హాలులో "ఏమే" అని లేచిన గొంతు సగములో ఆగి, "ఆ, పనిలో ఉన్నట్టుంది" అని వెనుదిరిగెను.

మొదటి గుటక. రెండవ గుటక.

కాని విధి నిద్రపోదు. ఆ మిషనుకు పూర్వాధిపతి అత్తగారు. ఒకప్పటి దర్జీ. ప్రక్కగదిలో కునుకు తీయుచున్న ఆ వృద్ధ సింహము చెవికి ఆ చప్పుడులో ఏదియో గరగర తగిలెను. గోడ పట్టుకొని వచ్చి గుమ్మమున నిలిచెను. దారము లేని సూదిని చూచెను, కోడలి చేతి కప్పును చూచెను. మూడవ గుటకకు ఎత్తిన కప్పును కోడలు దించెను. కాళ్ళు మాత్రము ఆగలేదు.

"అమ్మా, ఏం కుడుతోంది తను?" హాలు నుండి కుమారుని ప్రశ్న.

"పెళ్ళివారి బట్టలురా. ఊపిరాడనంత పని. ఎవరూ ఇటు రాకండి."

అత్తగారు లోనికి వచ్చి తలుపు మూసి, గొంతు తగ్గించెను.

"పిచ్చిదానా, గుడ్డని అదిమే ఆ పాదం పైకెత్తి తొక్కవే. ఉత్తినే తొక్కితే కింద గుడ్డని జరిపే పళ్ళు అరిగిపోతాయి. నేనెప్పుడూ ఎత్తే తొక్కేదాన్ని."

"మీరూనా అత్తయ్యా?"

"మరి? మీ మామగారు నన్ను ఎంత కష్టజీవినో అని పదిమందికీ చెప్పుకుని మురిసేవారు. నీ టీ కానీ. అయ్యాక లే, నేను కూర్చుంటాను."

పాదము లేచెను. గరగర అణగెను. వినుడు, జయము, జయము! కప్పు అడుగు కనబడెను. అచ్చట కరగని పంచదార కొంత మిగిలియుండెను. అది ప్రతి దినము అచ్చటనే ఉండునని ఆ ఇల్లాలికి ఆనాడే తెలిసెను. వేలితో తీసి చప్పరించి పీట దిగెను. మిషను ఆగెను.

"ఏమే, అయిపోయిందా? ఖాళీయేనా?"

ఆమె బదులు చెప్పునంతలో, పెడలుపై పాత పాదములు రెండు కుదురుకొని, టకటకటక మరల మ్రోగెను.