నక్షత్రం గుర్తు లేని గడి

ఉద్యోగం చేసే ప్రతి మనిషికీ ఉద్యోగం కాకుండా ఒక అభిరుచి ఉండి తీరాలని మా సంస్థ తీర్మానించింది. అభిరుచి లేని ప్రోగ్రామర్ రాసే కోడ్‌లో జీవం ఉండదని ఒక సర్వేలో తేలిందట (సర్వే చేసినవారి అభిరుచి సర్వేలే). వెంటనే అభిరుచుల విభాగం వెలిసింది. దానికొక అధికారిణి వచ్చారు. ఆవిడకొక యాప్ కావలసి వచ్చింది.

ఆ పనిని, ఆఫీసు మొత్తానికి నిజంగా అభిరుచి ఉన్న ఒకే ఒక్క ప్రోగ్రామర్‌కు అప్పగించారు. ప్రతి గురువారం సాయంత్రం ఐదయ్యేసరికి అతను ఇంటికి పోయి పదకొండేళ్ల కూతురితో కలిసి వయొలిన్ వాయించేవాడు. నెల తిరిగేసరికి బడి వార్షికోత్సవంలో ఇద్దరూ జంటగా వాయించాలి.

"అనుభవం ఉన్నవారు మీరొక్కరే కదండీ" అన్నారు అధికారిణి. యాప్‌లో పెట్టాల్సిన అభిరుచుల జాబితా అతని చేతికిచ్చారు.

జాబితాలో సంగీతం ఉంది గానీ, పక్కన 'వినుట' అని ఉంది. 'వాయించుట' చేర్చమని అతను వినతి పెట్టాడు. యాప్ వినతులు చూసేది తనే కనుక అది తిరిగి అతనికే వచ్చింది. కారణం అడిగాడు, జవాబిచ్చుకున్నాడు, మూడు పనిదినాలు ఆగాడు (తన పని తాను త్వరగా చేసుకోవడం పక్షపాతం కిందికి వస్తుంది). యాప్‌లో అభిరుచి నమోదు చేసే ఫారంలో పద్నాలుగు గడులు. పదమూడింటికి నక్షత్రం గుర్తు, అంటే నింపక తప్పదు. ముఖమూ రెండు చేతులూ కనబడే ఫొటో కావాలి. శ్రుతి చేసుకునే సమయం లెక్కలోకి రాదు.

"మీరు వాయిస్తే చాలదండీ, యాప్‌కి తెలియాలి కదా" అన్నారు అధికారిణి (ఆవిడ సొంత అభిరుచి గడిలో 'తరువాత నింపెదను' అని ఉంది).

మూడు గురువారాలు అలా పోయాయి. నాలుగో గురువారం కూతురు ఫోన్ చేసింది.

"నాన్నా, ఇవాళైనా వస్తావా?"

"ఒక్క బటనే మిగిలిందమ్మా."

ఆ బటన్ మీది 'సమర్పించు' ఫోన్ తెరలో పట్టక 'సమర' దగ్గరే ఆగిపోతోంది. యుద్ధమేమోనని, యాప్‌ను పరీక్షగా వాడుతున్న జనం నొక్కడం లేదు. దాన్ని సరిచేస్తూ కూర్చున్నాడు. వయొలిన్ కమాను పట్టి నెలయింది. మనసులో చాలా బాధగా ఉంది. చేసుకున్నవాడికి చేసుకున్నంత అని తనను తానే తిట్టుకున్నాడు.

యాప్ ప్రారంభోత్సవం మరుసటి గురువారం ఐదింటికి పెట్టారు. సరిగ్గా వార్షికోత్సవం వేళకే. ఆ గంట ఖాళీ అని అతని క్యాలెండరే చెప్పింది. అభిరుచి గంటల్ని ఖాళీగా చూపాలన్న నియమం రాసింది కూడా అతనే.

అక్కడ ఇచ్చిన 'ఉత్తమ అభిరుచిపరుడు' జ్ఞాపిక పట్టుకుని బడికి చేరేసరికి కుర్చీలు మడతపెడుతున్నారు. కూతురు రెండు వయొలిన్ పెట్టెలు పక్కన పెట్టుకుని మెట్ల మీద కూర్చుంది. జేబులో ఫోన్ మోగింది: 'ఈ వారం మీ అభిరుచి నమోదు కాలేదు. ఏమైంది?' చనువుగా ఉంటుందని ఆ వాక్యం అతనే రాశాడు.

"నీ భాగం కూడా నేనే వాయించేశా" అంది కూతురు. అతని వయొలిన్ తీసి చేతికిచ్చింది. "పట్టుకో నాన్నా, ఫొటో తీస్తా. నీ యాప్‌కి కావాలిగా."

ముఖమూ రెండు చేతులూ చక్కగా పడ్డాయి. యాప్ మారుమాట లేకుండా నూరు శాతం వేసింది. 'వాయించారా?' అన్న గడికి నక్షత్రం గుర్తు లేదు.