మూడో అధ్యాయం ఊరేగింది

నాలుగేళ్ళుగా నేను పరాయి దేశంలో, డునెడిన్ అనే ఊరి చలిలో కూర్చుని చేమ ఆకు తెగులు మీద పరిశోధన చేస్తున్నాను. ఆ చలికి చేమ మొక్క బతకదు, తెగులూ బతకదు. నేను బతుకుతున్నానంటే అది మా ఆవిడ లూపే నర్సు ఉద్యోగం చలవ.

క్రిస్మస్‌కి పదిరోజులు మా సొంత దేశం సమోవాకి వెళ్దామంది లూపే. ఇక్కడ చూస్తే జనవరి పదికల్లా నా థీసిస్‌లో మూడో అధ్యాయం ఇవ్వకపోతే స్కాలర్‌షిప్ ఆగిపోతుందని ప్రొఫెసర్ రొవీనా గారు తేల్చేశారు. గడువు అప్పటికే రెండుసార్లు పొడిగించారు.

"పుస్తకం గానీ, కంప్యూటర్ గానీ, కాగితం ముక్క గానీ విమానం ఎక్కిందంటే నేను ఎక్కను" అంది లూపే.

"మరి పెన్సిలో?"

"చెవిలో తిప్పుకోవడానికైతే తెచ్చుకో ఫెతూ."

సరేనన్నాను. సరే అనడానికేం, పెళ్ళయినప్పటి నుంచి అంటూనే ఉన్నాను.

మావాళ్ళెవరూ చేతులూపుకుంటూ సొంతూరు వెళ్ళరు. అట్టపెట్టెల నిండా మాంసం డబ్బాలు మోసుకెళ్తారు. అలాంటి పెట్టె ఒకటి గుట్టుగా విప్పి, పన్నెండు డబ్బాలూ తీసి దాచేశాను. వాటి బదులు మూడో అధ్యాయం పేర్చాను. పెన్సిలుతో దిద్దిన ప్రతి అదొక్కటే. టేపు అంటించి, మూలన ఎర్ర గీత గీశాను. ఆ తెలివి పరిశోధనలో చూపించి ఉంటే ఈపాటికి పట్టా వచ్చేది.

సవాయీ దీవిలో, లానో ఊళ్ళో అత్తగారింట్లో దిగాం. చాప మీద అలా నడుం వాల్చానో లేదో, సముద్రపు గాలి కళ్ళు మూసేసింది. లేచేసరికి సాయంత్రం. ఎర్ర గీత పెట్టె లేదు.

"పాస్టరుగారికి పంపాను అల్లుడూ" అంది అత్తగారు. "పరాయి దేశం నుంచి తెచ్చింది ఆయనకి పెట్టకుండా తింటే మనకి అరుగుతుందా?"

మా దగ్గర కానుకగా వచ్చిన పెట్టెని విప్పరు. అలాగే ఉంచి, ఇంకొకరి పెళ్ళికో చావుకో చదివిస్తారు. పాస్టరుగారింటికి పరుగెత్తాను. అప్పటికే సఫోతు అనే ఊళ్ళో ఎవరో చనిపోయారట, పెట్టె అటు వెళ్ళిందట.

"సఫోతులో మా పెద్దమ్మ ఉంది, చూసొద్దాం" అన్నాను లూపేతో.

"ఏ పెద్దమ్మ?"

"అదే... లావుగా ఉంటుంది."

మా దేశంలో లేని బంధువుని కల్పించడం ఎవరి తరమూ కాదు. బస్సు దిగగానే ఒక భారీ ఆకారం "ఒరేయ్ ఫెతూ!" అంటూ నన్ను వాటేసుకుంది. నిజంగానే పెద్దమ్మట. నిప్పుల్లో కాల్చిన పనసలాంటి కాయలు, కొబ్బరిపాలలో ఉడికించిన చేమాకులు కొసరి కొసరి పెట్టింది. లూపే ఊటనీళ్ళ మడుగులో గంటసేపు ఈదింది. పెట్టె మాత్రం ఆసావు నుంచి వచ్చిన బంధువులకి ఇచ్చి పంపేశారు.

"ఆసావులో ఎవరున్నారు? చిన్నాన్నా?" అంది లూపే.

"నీకెలా తెలుసు?"

"లావా, సన్నమా?"

"సన్నం."

ఆసావులో సన్నటి చిన్నాన్న దొరికాడు. పెట్టె దొరకలేదు. దక్షిణాన తాగా ఊళ్ళో పెళ్ళికి వెళ్ళిపోయిందట. నా అధ్యాయాన్ని ఎవరూ చదవకుండానే ఊరూరా చదివిస్తున్నారు.

ఆ రోజు బస్సు లేదు. చిన్నాన్నవాళ్ళ గోడలు లేని ఇంట్లో చాప మీద పడుకున్నాను. సముద్రమెక్కడ ఆగిందో ఆకాశమెక్కడ మొదలైందో తెలియలేదు. పక్కన లూపే తడిజుట్టుకి కొబ్బరినూనె రాసుకుంటూ కూనిరాగం తీస్తోంది. అసలు మూడో అధ్యాయం నేను రాశానా, కలగన్నానా అనిపించింది. నాలుగేళ్ళలో అంత హాయిగా నేనెప్పుడూ లేను. ఆ మాట పైకి చెప్పడానికి సిగ్గేసింది.

తాగాలో సముద్రం రాళ్ళ కంతల్లోంచి కొబ్బరిచెట్టంత ఎత్తున ఎగిరిపడుతోంది. పెళ్ళివారింట్లో, పెట్టెల గుట్ట మీద ఎర్ర గీత! ఇంటిపెద్ద కాళ్ళ దగ్గర కూలబడ్డాను.

"తాతా, ఆ పెట్టెలో నా చదువు ఉంది. నా స్కాలర్‌షిప్ ఉంది. విప్పనివ్వు."

ఆయన నన్ను, పెట్టెని మార్చి మార్చి చూశాడు. "పాపం, చదువుకున్నవాడు" అని జాలిపడి కత్తి ఇచ్చాడు.

విప్పాను. పన్నెండు మాంసం డబ్బాలు.

వెనకాల లూపే తాపీగా మామిడిపండు తింటోంది. "వాషింగ్ మెషిన్లో డబ్బాలు దాస్తే దొరకవనుకున్నావా డాక్టరూ?"

"మరి నా కాగితాలో?"

"రొవీనా గారి బల్ల మీద పెట్టి విమానం ఎక్కాను."

"కొంప ముంచావు కదే! అది ఇంకా పూర్తి కాలేదు!"

లూపే ఫోన్ చేతిలో పెట్టింది. రొవీనా గారి జవాబు మూడు రోజుల క్రితమే వచ్చింది. 'అధ్యాయం బాగుంది, తీసుకున్నాను. పెన్సిలు దిద్దుబాట్లు చెరిపేస్తే చాలు, ఏడాది క్రితమే సిద్ధంగా ఉంది. ఇన్నాళ్ళూ ఎందుకు దాచుకున్నాడు?'

ఎందుకంటే, ఎవరైనా చదివి పెదవి విరుస్తారని భయం. ఆ ముక్క లూపేకి తెలుసు. తనకి తెలుసని నాకిప్పుడు తెలిసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సముద్రపు తుంపర పడిందని చెప్పి తుడుచుకున్నాను.

"మూడు రోజుల ముందే చెప్పొచ్చుగా! ఊళ్ళన్నీ తిప్పించావు!"

"చెబితే మా అమ్మ ఇంట్లో మూల కూర్చుని నాలుగో అధ్యాయం మొదలెట్టేవాడివి."

"ఛ, నేనా!" అన్నాను.

లూపే చెయ్యి చాపింది. "ఇటివ్వు."

"ఏంటి?"

"చొక్కా జేబులోది."

దారిలో కనబడిన తెగులు ఆకుల గురించి రొట్టె సంచి చింపి దాని మీద నాలుగు ముక్కలు రాసుకున్నాను. అంతే. తీసి ఇచ్చేశాను.