చంద్రమ్మ న్యూ ఫైనల్

దేవుడిచ్చిన మొకం ఉత్త టెంపరరీ. మనిషి అసలు మొకం మిషన్ల ఉంటది. మాదాపూర్ ఇలాకంతట గిదే చట్టం. కాదన్నోళ్లు ఉన్నరు గని, వాళ్లంత గేటు బయటనే ఉన్నరు.

గా మాదాపూర్ల ఒక అద్దాల టవర్ ఉన్నది. ఎంత ఎత్తంటే, కిటికీ తెరిస్తే మబ్బులొచ్చి ల్యాప్‌టాపులు తడుస్తయని కిటికీలే తెరవనియ్యరు. అండ్ల హౌస్‌కీపింగ్ చేస్తది చంద్రమ్మ. ఆమెది నారాయణపేట దిక్కు. మొగడు ఎల్లేశం కోకాపేటల కొత్త బిల్డింగు కాడ వాచ్‌మన్. బిల్డింగు లేస్తే ఆయన జీతం లేస్తది, ఆగితే ఆగుతది. అందుకే కొత్తగూడల రూము కిరాయి, ఇంట్ల పొయ్యి, అంత చంద్రమ్మ హాజరు మీదనే నడుస్తది.

హాజరేమో గేటుకాడి మిషన్ చేతుల ఉన్నది. మొకం గుర్తుపడితే హాజరు, పట్టకుంటే నాగా. నాగాలెక్కువైతే పని పాయె. (ఓసారి పెద్దసారు తిరుపతి పోయి గుండుతోని వస్తే ఆయననూ బయటనే నిలబెట్టిందట. జుట్టు మొలిచేదాక ఇంటికాడికెల్లి పనిచేసిండు. వర్క్ ఫ్రం హోం గట్లనే పుట్టిందని సెక్యూరిటోళ్లు చెప్తరు.)

అయితే ఓ ఎండాకాలం చంద్రమ్మకు చలి మొదలైంది. రోడ్డు మీద తారు కరుగుతుంటే ఈమె స్వెటరేసుకొని, మంకీ టోపీ పెట్టుకొని వచ్చేది. పొద్దుగాల లేస్తే కాళ్లల్ల సీసం పోసినట్టుండేది. దువ్వెనకు ఊడొచ్చిన జుట్టు చూసి, ఇంకో వారం ఆగితే పరుపు కుట్టిచ్చుకోవచ్చన్నడు ఎల్లేశం. గొంతెంత బొంగురుపోయిందంటే, తల్లికి ఫోన్ చేస్తే ఆమె "అల్లుడా, జర బిడ్డకియ్యి" అనేది. తినేది పిడికెడు, ఒళ్లు మాత్రం ఉబ్బుతుండె.

పక్కింటామె దిష్టన్నది. లిఫ్టాయన ఏసీ పడుతలేదన్నడు. ఎల్లేశం వయసన్నడు. సూపర్‌వైజర్ వసంత మేడం బద్ధకమని ఒక్క మాటల తేల్చింది. (వీళ్లల్ల ఒక్కరు గూడ డాక్టరు చదవలే. అందుకే గంత ధైర్యంగ చెప్పగలిగిన్రు.)

ఒకనాడు గేటుకాడ మిషన్ ఎర్రలైటు పెట్టి, "మీరెవరో తెలియలేదు. దయచేసి పక్కకు జరగండి" అన్నది. న్యాయంగ చెప్పాలంటే, ఆమె మొకం ఉబ్బిందని గా టవర్ల కనిపెట్టింది అదొక్కటే.

సంగతి ఫెసిలిటీ మేనేజర్ నరసింహమూర్తి సార్ దాకా పోయింది. ఆయనది రాజమండ్రి దిక్కు, మిషన్ కన్న మర్యాదస్తుడు. కంగారు పడొద్దండీ, కొత్త మొహం ఎక్కించేస్తే సరిపోతుందన్నడు. మొకమెందుకు మారిందన్న ప్రశ్న ఆయన శాఖ కిందికి రాదు. కాకపోతే ఒక పేరుకు రెండు మొకాలను మిషన్ ఒప్పుకోలే. అందుకని 'చంద్రమ్మ న్యూ' అని ఎక్కిచ్చిన్రు. కొన్నాళ్లకు మొకం ఇంకింత ఉబ్బింది. అప్పుడు 'చంద్రమ్మ న్యూ ఫైనల్' అని ఎక్కిచ్చిన్రు. (గా టవర్ల ఏ ఫైలుకైనా గిదే పేర్ల పద్ధతి.)

ఇగ కంప్యూటర్ లెక్కల ముగ్గురు ఆడోళ్లు పనిచేస్తున్నరు. ముగ్గురికీ తలా కొన్ని ఫ్లోర్లు పంచింది. చేసేటిది మాత్రం ఒక్క చంద్రమ్మనే, అదీ గోడ పట్టుకొని. రోజూ ఇద్దరు నాగా పడుతుంటే వసంత మేడానికి మండింది. నీ తోటోళ్లకు జర బుద్ధి చెప్పమని చంద్రమ్మనే నిలదీసింది.

"చెప్తనే ఉన్న మేడం, ఇంటలేరు" అన్నది చంద్రమ్మ. కాదని వాదించే ఓపిక ఆమెకు లేకుండె.

ఇంతల పైకెల్లి హుకుం వచ్చింది. మొదటి చంద్రమ్మ శానా దినాలకెల్లి వస్తలేదు గనక వచ్చే నెలాఖరుకు ఆమె పేరు తీసేస్తరట. ఇన్నేళ్ల సర్వీసు, దవాఖాన కార్డు అన్నీ గా మొదటామె పేరు మీదనే ఉన్నయి.

కార్డు పోకముందే చూపిచ్చుకుందామని దవాఖానకు పోయింది. కౌంటర్ల ఆయన కార్డు మీది ఫొటో చూసిండు, ఈమెను చూసిండు, పేషంటును తీసుకరమ్మన్నడు. నేనే సారూ అన్నది. ఈమె సన్నగున్నది, నువ్వు అక్కవా అని అడిగిండు. చంద్రమ్మ ఆడనే బెంచి మీద జరసేపు కూసొని, లేచి డ్యూటీకొచ్చింది. తన కార్డు మీద తనే దొంగ పేషంటైంది మరి.

గా దినం ప్యాంట్రీల కాఫీ మిషన్‌ను రెండు చేతులతోని వాటేసుకొని నిలబడ్డది. టవర్ మొత్తంల ఎచ్చగుండేది అదొక్కటే. కాఫీకొచ్చిన శ్రీలత ఈమెను చూసి ఆగింది. శ్రీలత ఆడ సాఫ్ట్‌వేర్ పిల్ల, వరంగల్ దిక్కుది. జుట్టు ఊడుతుందా, చలేస్తదా, నెలసరి సక్కగొస్తలేదా అని వరసబెట్టి అడిగింది.

"అన్నీ ఉన్నయి. నీకెట్ల తెల్సమ్మా?"

"నాకూ గిట్లనే ఉండె అక్కా. మా మేనేజర్ నాకు పని మీద మనసు లేదని రాసిండు. ఏడాది దాకా ఒక్కరూ నెత్తురు చూపిచ్చుకో అనలే. థైరాయిడ్ కావచ్చు. నడువు, నేనొస్త."

డ్యూటీ దిగినంక ఇద్దరు కొత్తగూడల ల్యాబుకు పోయిన్రు. సూది పొడిచే పిల్ల చంద్రమ్మ మొకం దిక్కు చూడనే లేదు. జబ్బ చూపియ్యమన్నది, అంతే. తెల్లారి రిపోర్టు చూసి ల్యాబు పక్క క్లినిక్‌ల డాక్టరమ్మ, ఇన్నాళ్లు ఏం చేసినవమ్మా అన్నది. గొంతుకాడ సీతాకోకచిలుకసొంటి గ్రంథి ఒకటుంటదట. ఒళ్లంతటికీ అదే సూపర్‌వైజర్. అది పండుకున్నదట. ఇన్నాళ్లు బద్ధకం దానిదైతే తిట్లు ఈమెకు పడ్డయి. రోజూ పరగడుపున ఒక గోలీ ఏసుకోవాలె, నయమైందని సొంతంగ ఆపొద్దు, కొన్ని వారాలకు మల్ల నెత్తురు చూపిచ్చుకోవాలె అని చెప్పింది.

ఎల్లేశం నమ్మలే. గంత పెద్ద పరేషానికి గింతంత గోలీనా అన్నడు. గని పొద్దుగాల ఆయనే లేపి మింగిచ్చేటోడు.

మెల్లగ చలి పోయింది. తల్లి ఫోన్ల బిడ్డ గొంతు గుర్తుపట్టింది. హుకుంల చెప్పిన నెల సివరికొచ్చేసరికి మొకంల ఉబ్బు శానా దిగింది. ఇంకొక్క దినంల పేరు తీసేస్తరనంగ, గేటుకాడ మిషన్ పచ్చలైటు పెట్టి, "స్వాగతం, చంద్రమ్మ గారూ" అన్నది. ఉద్యోగం నిలబడ్డది.

నిలబడ్డది గని, న్యూ, న్యూ ఫైనల్ ఇద్దరూ చెప్పకుండ పని ఇడిసిపోయిన్రని ఆఫీసుల మీటింగు పెట్టిన్రు. చంద్రమ్మను పిలిచిన్రు. ఆ ఇద్దరూ నేనే సారూ, థైరాయిడ్ అని చెప్పింది. నరసింహమూర్తి సార్ శానాసేపు ఆలోచన చేసి, ఇకముందు ఎవరికీ ఇలాంటి ఇబ్బంది రాకూడదండీ అన్నడు. అందరికీ నెత్తురు చూపిస్తరేమో అనుకున్నది చంద్రమ్మ.

మిషన్ పట్టింపు తగ్గిచ్చిన్రు. ఇప్పుడు మొకం ఎట్లున్నా పచ్చలైటే. మొన్న డెలివరీ ఆయన హెల్మెట్ తియ్యకుండొస్తే, "నమస్కారం, నరసింహమూర్తి గారూ" అని లోపలికి పంపింది.

మల్ల ఎండాకాలమొచ్చింది. ఒకనాడు పొద్దుగాల వసంత మేడం శాలువా కప్పుకొని, కండ్లు ఉబ్బి, కాళ్లీడ్చుకుంట గేటుకాడికొచ్చింది. చంద్రమ్మ పక్కకు పిలిచి, మేడం, ఒక్కసారి నెత్తురు చూపిచ్చుకోండ్రి, ఒక్క సూదే అన్నది.

మేడం పోయి మిషన్ ముంగట నిలబడ్డది. పచ్చలైటు ఎలిగింది. శాలువా ఇంకింత దగ్గరికి గుంజుకొని, బొంగురు గొంతుతోని అన్నది:

"మిషనే గుర్తుపట్టింది. ఇగ నాకేం రోగముంటది?"