ఎనిమిదుల జతపై సంఘ తీర్మానం

కెన్యాలోని కిసీ పట్నానికి ఎగువన, న్యాకెంబా కొండ మీది ఉదయతార మహిళా పొదుపు సంఘం వారు ప్రతి మంగళవారం టీ ఆకు తూకాలయ్యాక ఫోనులో ఆడుతున్న పేకాట జూదం కాదనీ, కేవలం పెట్టుబడి మాత్రమేననీ ఇందుమూలంగా అందరికీ తెలియజేయడమైనది. ఈ మేరకు తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. ఒకే ఒక్క సభ్యురాలు అడ్డు చెప్పింది. సరిగ్గా అప్పుడే ఆమె కూర్చున్న కుర్చీని కడగవలసిన అవసరం రావడంతో ఆమెను లేపి ఇంటికి పంపారు. ఆ తర్వాత ఏకగ్రీవానికి ఇబ్బంది కలగలేదు.

సంఘానికి పెట్టుబడులు కొత్తేమీ కాదు. మొదట కౌజు పిట్టలు పెట్టారు. కౌజు గుడ్డు తింటే కీళ్ళ నొప్పి మొదలుకొని కోర్టు వ్యాజ్యం దాకా అన్నీ నయమవుతాయని జనం నమ్మిన రోజులవి. అందరూ పిట్టలు పెంచేవాళ్ళే కావడంతో కొనేవాళ్ళు మిగల్లేదు. ఆ ఏడంతా కొండ మీద మొక్కజొన్న ఉగాలి ముద్దలోకి కౌజు గుడ్డే కూర. కీళ్ళ నొప్పులు యథాతథం. తర్వాత కుందేళ్ళు పెట్టారు. అవి సంఘం కంటే చురుగ్గా సమావేశమై, సంఘం కంటే త్వరగా సభ్యత్వం పెంచుకుని, ఒక పెద్దవానకు గూడు కూలగానే టీ తోటల్లోకి స్వాతంత్ర్యం పుచ్చుకున్నాయి.

ఈ రెండు పెట్టుబడుల్లోనూ మునిగింది ఒకటే వస్తువు, కెరుబో అనే సభ్యురాలికి రావలసిన నీళ్ళ ట్యాంకు. వంతులవారీగా ఒక్కో సభ్యురాలి ఇంటికి వాన నీళ్ళు పట్టుకునే ట్యాంకు కొనిపెట్టడం సంఘం ఆశయం. కెరుబో వంతు వచ్చేసరికి పిట్టలొచ్చాయి. మళ్ళీ వచ్చేసరికి కుందేళ్ళొచ్చాయి. ఈలోగా ఆమె కూతురు బొనారెరిని వీపున కట్టుకుని, వాగు దగ్గర నింపిన డబ్బా నెత్తిన పెట్టుకుని ఎర్రమట్టి దారిన ఎక్కుతూనే ఉంది. వాన పడితే ఆ దారి సబ్బుబిళ్ళ. ప్రతి అడుగులోనూ తను జారినట్టూ, పిల్ల కింద పడినట్టూ, అత్తగారి తరఫువాళ్ళంతా దిగి 'మేం ముందే అనుకున్నాం' అన్నట్టూ ఆమెకు కళ్ళకు కట్టేది. జరగనివి కళ్ళకు కట్టడంలో కెరుబోకు పుట్టుకతో వచ్చిన ప్రతిభ ఉంది. పిల్ల తుమ్మితే మలేరియా. తుమ్మకుండా హాయిగా పడుకుంటే మరీ భయం, లేపి చూసేది. ఆస్పత్రి నర్సు ఈమె గేటు దాటడం చూసి, పిల్ల ముఖమైనా చూడకుండానే "బాగుంది, తీసుకుపో తల్లీ" అనేది.

అటువంటి మనిషి చేతికి సంఘం ఫోనునిచ్చిందంటే అందుకు తగిన యోగ్యత ఉండబట్టే. ఆమె హైస్కూలు రెండో ఏడు సగం దాకా చదివింది. చదువు ఆగిపోవడానికి కారణమైన మనిషి ఇప్పుడు ఆమె వీపున గురక పెడుతోంది. ఆ చదువు ఉద్యోగానికి చాలదు. పాపం చదువు లేదని ఎవరైనా జాలిపడదామంటే అందుకు కాస్త ఎక్కువ.

ఆట సులువే. ప్రతివాడికీ రెండు ముక్కలు రహస్యంగా ఇస్తారు. అందరికీ కలిపి మూడు ముక్కలు బల్ల మీద పరుస్తారు. అక్కణ్ణుంచి పందెం కాయడమో, ముక్కలు పారేయడమో, ఏదో ఒకటి ఇరవై సెకన్లలో తేల్చాలి. తేల్చకపోతే యంత్రమే తేలుస్తుంది. ఎవరూ పందెం కాయకపోతే ఊరుకుంటుంది, ఎవరైనా కాస్తే మన ముక్కలు పారేస్తుంది. చేతివీ బల్లవీ కలిపి ఎవరి జత పెద్దదైతే డబ్బు వాళ్ళది, ఒకే రకం మూడు పడితే అంతకంటే గొప్ప. ఇదంతా చిల్లర బల్ల మీది వ్యవహారం. పెద్ద పందెం అంటే ఒక కట్ట ఆకుకూర ఖరీదు.

అయితే సంఘం నిబంధనావళి ప్రకారం ప్రతిపాదన, బలపరచడం, చర్చ, ఓటు లేకుండా ఆకుకూర కట్ట కూడా కొనడానికి వీల్లేదు. చేతికి రాజుల జత వస్తే పేచీ లేదు, అందరూ ఒక్కసారే చేతులెత్తేవారు. రెండ్ల జత వస్తే అంత ఐకమత్యంగానూ పెదవి విరిచేవారు. గొడవంతా మధ్యరకం జతలతోనే. ఏడులు, ఎనిమిదులు, తొమ్మిదులు. పారేద్దామంటే జత. నమ్ముకుందామంటే బల్ల మీద అంతకంటే పెద్దవాళ్ళు దిగి కూర్చుంటారు.

ఒక మంగళవారం సంగతి మచ్చుకు చెప్పాలి. చేతిలో ఎనిమిదుల జత. బల్ల మీద రాజు, జాకీ, నాలుగు. పేరు పక్కన చలిదేశపు జెండా పెట్టుకున్న ఒకతను పందెం కాశాడు.

"ఆ రాజు తాలూకు వాడు ఎక్కడో ఉండే ఉంటాడు," అంది కోశాధికారి క్వాంబోకా. "రాజన్నవాడు ఊరికే వచ్చి నడిబజార్లో నిలబడడు."

"నీ మొగుడు నిలబడ్డంలా?" అంది ముసలి మొరా. "వాడి దగ్గర ఇంకో రాజుందని నీకెవరు చెప్పారే? వెళ్ళి చూసొచ్చావా?"

"పందెం కాశాడుగా అత్తా."

"మనం కాయలేదూ పిట్టల మీద? మన దగ్గరేముందని కాశాం?"

"మాటమాటకీ పిట్టల్ని తేవద్దు," అంది అధ్యక్షురాలు బొసిబొరి. చర్చి పెద్దగారి భార్య. గొంతులోనే గంట ఉంటుంది. "ప్రతిపాదన ఎవరిది? బలపరిచేదెవరు? అమ్మాయ్ కెరుబో, చదువుకున్నదానివి, నువ్వు చెప్పు."

"టైమైపోతోంది పిన్నీ."

"టైము సంగతి అడగలేదు. నీ అభిప్రాయం అడిగాను."

కెరుబో అభిప్రాయం ఆమె బొటనవేల్లో ఉంది, అది వణుకుతోంది. చలిదేశంవాడి చేతిలో రాజు కనపడింది. తర్వాత ఆసులు కనపడ్డాయి. ఆ తర్వాత ఏ సంబంధమూ లేకుండా పిల్లకు జ్వరం కనపడింది. తెర మీద ముక్కలు మాయమయ్యాయి.

"ఎవరు పారేశారు?" అంది బొసిబొరి.

"ఎవరూ పారెయ్యలేదు పిన్నీ. అవే పోయాయి."

"అయితే విషయం వాయిదా పడినట్టు."

ఇలా వారం వారం మధ్యరకం జతలన్నీ వాయిదా పడుతూ వచ్చాయి. ఎప్పుడైనా బల్ల మీద ఇంకో ఎనిమిది దిగి జత కాస్తా మూడయితే మాత్రం నిబంధనావళి ఎవరికీ గుర్తొచ్చేది కాదు. మొరా ఈల వేసేది, క్వాంబోకా కెరుబో బొటనవేలు పట్టుకుని తనే నొక్కేది. చలిదేశాలవాళ్ళు నమ్మలేక డబ్బు కట్టేవాళ్ళు. మూడు నెలలు తిరిగేసరికి సంఘానికి జన్మలో చూడని లాభం వచ్చింది. ట్యాంకుకు పైకప్పు, కుళాయి తప్ప మిగతా భాగమంతా వచ్చేసినట్టేనని క్వాంబోకా లెక్క తేల్చింది.

ఒక రోజు చలిదేశంవాడు 'నువ్వు మనిషివా, యంత్రానివా?' అని ఇంగ్లీషులో రాశాడు. కెరుబో దాన్ని సభ్యులకు వివరిస్తూ, మన నిగ్రహానికి ఆయన ఆశ్చర్యపోతున్నాడని చెప్పింది. అందులో అబద్ధం లేదు. ఆ సాయంత్రం బొసిబొరి ప్రసంగిస్తూ, "ఈ విజయం నాయకత్వానిది, క్రమశిక్షణది, ముఖ్యంగా నాయకత్వానిది" అన్నారు.

పేరు కొండ దిగి పాకింది. చుట్టుపక్కల సంఘాలు అధ్యయన యాత్రలకు వచ్చి, అరటికాయ మాతోకె తిని, ఏమీ అధ్యయనం చేయకుండా వెళ్ళాయి. చివరికి మహిళాభివృద్ధి అధికారిణి స్వయంగా విచ్చేశారు. చర్చి హాల్లో 'పొదుపులో నిగ్రహం' అని బ్యానరు కట్టారు. పేకముక్కల ప్రస్తావన బ్యానరు మీద లేదు, పాస్టరుగారికి చదవడం వచ్చు. కెరుబో చేతికి మైకిచ్చారు.

కెరుబో మొదట తన పేరు చెప్పింది. తర్వాత తన గొంతు హాలు చివరి గోడకు తగిలి తిరిగొచ్చి తన చెవిలోనే పడింది. ఆ గొంతు ఆమెకు నచ్చింది. "ఎనిమిదుల జత వచ్చినంత మాత్రాన దాన్ని పట్టుకుని వేలాడకూడదు," అంది. "మనకంటే పెద్దవాళ్ళు బల్ల మీదికొచ్చాక మర్యాదగా వదిలేసి లేచిపోవాలి. నేనెప్పుడూ అలాగే వదిలేశాను." హాలు చప్పట్లతో దద్దరిల్లింది. ఎప్పుడు వదిలేసిందని మొరా ఒక్కతే పక్కావిడను అడిగింది. అధికారిణి మెచ్చి, ఆడవాళ్ళు కప్పుకునే పసుపు పూల లేసో వస్త్రం కెరుబో భుజాల మీద కప్పారు. గట్టి నేత. మడత పెడితే ఇల్లంతా కొత్తబట్ట వాసన.

ఆ రోజునుంచి కెరుబో వేరే మనిషి. నర్సు పిల్లను చూసి "బాగుంది" అంటే, "అది నేను ముందే గ్రహించాను" అనేది.

అధికారిణి వెళుతూ వెళుతూ ఒక సూచన చేశారు. "ఇంత నిపుణురాలిని పెట్టుకుని ఒక్క బల్ల మీద అందరూ చర్చలేమిటమ్మా? అధికారం ఆమెకిచ్చేయండి. చకచకా నాలుగు బల్లల మీద ఆడుతుంది." అభివృద్ధి అంటే ఇదే కనుక సంఘం వెంటనే ఆమోదించింది. కెరుబో ఒక్కతే, సర్వాధికారాలతో, పిల్ల నిద్రపోయే మధ్యాహ్నాల్లో, నాలుగు బల్లల ముందు కూర్చుంది.

ఎనిమిదుల జత వచ్చింది. బల్ల మీద రాజు, తొమ్మిది, రెండు. ఎవడో పందెం కాశాడు. పాత కెరుబో అయితే ఇరవై సెకన్లు వణికేది. కొత్త కెరుబోకు మూడు చాలు. 'నిపుణురాలి ముందా నీ బెదిరింపు' అనుకుని డబ్బు కట్టింది. వాడి దగ్గర రాజుంది. మరో బల్ల మీద ఏడుల జత. అక్కడ ఆసు పడింది. ఆసులు తరచుగా రావని తనంతటి నిపుణురాలే అనుకుంది కనుక డబ్బు కట్టింది. మూడో బల్ల మీద తొమ్మిదుల జతతో ఓడిపోయాక, ఇంత పెట్టాక ఇప్పుడు వదిలేస్తే పెట్టినదాన్ని అవమానించినట్టు అనిపించింది. ఒక్కో పందెం ఆకుకూర కట్టే. కానీ నాలుగు బల్లల మీద గంటకు ఎన్ని కట్టలు పోతాయో సంతలో కూర్చునేవాళ్ళనడగండి.

ముందు ట్యాంకు గోడలు పోయాయి, తర్వాత అడుగు పోయింది. నెల తిరిగేసరికి మిగిలిన డబ్బుకు ఒక నీళ్ళ డబ్బా వస్తుంది. డబ్బా ఆమెకు ఉంది.

విచారణ సంఘం వేశారు. నిర్ణయాల్లో ఇంకా కొంత జాప్యం మిగిలి ఉండటమే నష్టానికి కారణమని అది తేల్చింది. అప్పుడు కెరుబో లేచింది. పిల్ల వీపున కదిలింది.

"పిన్నీ, మనం గెలిచింది తెలివితో కాదు," అంది. "మీరు తెమల్చలేకపోయారు, నేను భయపడ్డాను. అందుకని ఆ ముక్కలు వాటంతటవే పోయాయి. అంతే. మళ్ళీ పాత పద్ధతిలో అందరం కూర్చుని పోట్లాడుకుందాం. నా ట్యాంకు వచ్చేదాకా."

బొసిబొరి గొంతు సవరించుకుంది. "అంటే ఆఫీసరమ్మ మన చేతగానితనాన్ని మెచ్చుకున్నట్టా?"

"అవును పిన్నీ."

"నీకా బట్ట కప్పింది బెదిరిపోయినందుకా?"

"అవును."

"మరి అది తిరిగిచ్చెయ్యాలిగా అమ్మాయ్. తప్పుడు మాట మీద తీసుకున్నది."

కెరుబో చేయి భుజం మీది లేసో ముడికి పోయింది. మొరా కళ్ళు చికిలించి ఆ చేతినే చూస్తోంది. బయట వాన మొదలైంది. ఇంటికెళ్ళే దారి, వాగు, జారుడు, అన్నీ కెరుబో కళ్ళకు కట్టాయి. చర్చి హాలు కూడా కళ్ళకు కట్టింది. ఇరవై సెకన్లు గడిచాయి, కానీ ఈసారి తేల్చడానికి యంత్రం లేదు.

"నేనన్నది వెనక్కి తీసుకుంటున్నాను పిన్నీ," అంది.

"పట్టుకుని వేలాడకూడదని మైకులో చెప్పిన పిల్ల ఎవరే?" అంది మొరా. ఈ వ్యాఖ్యను చర్చలో చేర్చుకోలేదు.

సంఘం ప్రస్తుతం నత్తల పెంపకానికి ఏకగ్రీవంగా సిద్ధమవుతోంది. కెరుబో వంతు నత్తల తర్వాత వెంటనే ఉంది. ఆమె రోజూ వాగునుంచి నీళ్ళు మోస్తోంది. పిల్లను ఆ పసుపు పూల వస్త్రంలోనే కట్టుకుంటోంది. గట్టి నేత కనుక పిల్ల జారదు.

ఇక్కడిదాకా చదివిన మీరు, ఆ ఎనిమిదుల జతను రాజును చూడగానే పారేసి ఉండేవాళ్ళమని అనుకుంటున్నారు. చక్కటి మాట. ఎప్పుడైనా ఈ కొండ మీదికి దయచేయండి. మైకు సిద్ధంగా ఉంది, మీకు కప్పడానికి అదే నేత బట్ట ఇంకొకటి తెచ్చి ఉంచాం.